ఆరో కత్తి

మా కాలేజీ బాటనీ ల్యాబులో కత్తులు ఆరు ఉండేవి. మా బ్యాచ్‌లో మేమూ ఆరుగురమే. నాకు ఎప్పుడూ ఆరోదే దక్కేది.

దానికి పెద్ద కారణమేమీ లేదు. ల్యాబు సామాను చూసుకునే అటెండరప్ప చెక్కపెట్టె మూత తీసి బల్ల మీద పెట్టగానే మిగతా ఐదుగురూ ఒకేసారి చేతులు పెట్టేవాళ్ళు. నేను కిటికీ పక్కన నిలబడి, అందరూ తీసుకున్నాక వెళ్ళేదాన్ని. అప్పటికి పెట్టెలో ఒకటే మిగిలి ఉండేది. మిగతా వాటికి పిడి దగ్గర ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు చెక్కి ఉండేవి. దీనికి అంకె లేదు. ఆరోది అని మేమే అనుకునేవాళ్ళం. అటెండరప్ప మాత్రం దాన్ని ‘మొండిది’ అనేవాడు.

అవి పాతకాలపు కత్తులు. చూడటానికి క్షవరం కత్తిలాగే మడిచి తెరిచేవి, కానీ అంతకంటే వెడల్పు, బరువు కూడా. పిడి నల్లగా, చేతుల చెమటకు నునుపెక్కి ఉండేది. అలుగు, అంటే కోసే రేకు, ఒక పక్క అద్దంలా చదునుగా ఉంటుంది. రెండో పక్క లోపలికి గుంట తీసి ఉంటుంది. చేసినవాళ్ళ పేరు ఏదో ఉండేది గానీ తుడిచీ తుడిచీ అరిగిపోయింది.

మొక్క కాడను మైక్రోస్కోపు కింద చూడాలంటే దాన్ని కాగితం కంటే పల్చగా అడ్డంగా కోయాలి. క్యారెట్ ముక్కను నిలువునా చీల్చి మధ్యలో కాడ ముక్క ఇరికించి, ఆ క్యారెట్‌ను ఎడమచేతి వేళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకోవాలి. కుడిచేత్తో కత్తిని దాని మీద పడుకోబెట్టి, పదును మనవైపు ఉండేలా, ఏటవాలుగా ఒక్క లాగు లాగాలి. తెగిన పొర కత్తి మీది గుంటలో పోసుకున్న నీళ్ళలో తేలుతుంది. దాన్ని కుంచెతో ఎత్తి గాజుగిన్నెలో వేసి రంగు పట్టించాలి. బాగా తెగిన పొర మైక్రోస్కోపులో ఎర్రదారంతో అల్లిన లేసులా కనబడుతుంది. చాలా కాలేజీల్లో గడ్డం బ్లేడును సగానికి విరిచి దాంతోనే కోస్తారు. మా మేడమ్ ఒప్పుకోరు. బ్లేడు వంగుతుంది, కత్తి వంగదు అంటారు.

నాకు పొర వచ్చేది కాదు. ఒక అంచు పల్చగా, ఇంకో అంచు మందంగా, గాలికి తలుపు కొట్టుకోకుండా కింద దూర్చే చెక్కముక్కలా వచ్చేది. కత్తి మీద నీళ్ళు నిలిచేవి కావు. చుక్క పోస్తే జారి మణికట్టు మీదుగా మోచేతిదాకా కారేది. తెగినదేదో అలుగుకు అంటుకుపోయేది. మేడమ్ నా గిన్నెలోకి తొంగిచూసి, “చెయ్యి తిరగాలమ్మా, ఇంకా కోయి” అని వెళ్ళిపోయేవారు. నేను ఇంకా కోసేదాన్ని. క్యారెట్ అయిపోయేది.

మొదటిసారి ప్రాక్టికల్ పరీక్షలో అందుకే తప్పాను.

బాగేపల్లిలో మాది పూజాసామాన్ల అంగడి. ఫలితం తెలిసిన రోజు నేను నేరుగా అంగటికే వెళ్ళాను. నాయన కర్పూరం పొట్లాలు కడుతున్నాడు.

“ఏమైందమ్మా?”

“కోసేది రాలేదు నాయనా.”

“ఏం కోసేది?”

“కాడ.”

ఆయన డబ్బా మూత పెట్టి నన్ను చూశాడు. “కాడ కోసేది రాకుండా ఫెయిలైనావా? మీ అమ్మనడిగింటే నేర్పిచ్చి ఉండును కదమ్మా.” అంగట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక మెల్లగా అన్నాడు. “ఇంకొక తూరి రాయి. ఆ తూరీ కాకపోతే సాలమ్మా. అంగట్లో కూర్చో.”

కోపంగా అన్న మాట కాదది.

అంగడంటే నాకు అయిష్టమేమీ లేదు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది అక్కడే. మా ఊరు కర్ణాటకలోది, బడిలో అంతా కన్నడం. పొట్లాలు కట్టడానికి వచ్చే పాత తెలుగు పేపర్లను, చిరిగిన పత్రికలను గల్లా కింద కూర్చుని కూడబలుక్కుంటూ చదివేదాన్ని. సగం కథ చదివేసరికి మిగతా సగం ఎవరి ఇంటికో పసుపు చుట్టుకుని వెళ్ళిపోయేది. ఇప్పటికీ నా డైరీలో కొన్ని కథలకు నేను రాసుకున్న ముగింపులు ఉన్నాయి. కానీ రోజంతా అంగట్లో కూర్చోవడం వేరు. బాగేపల్లి నుంచి కాలేజీ ఉన్న చిక్కబళ్ళాపురానికి బస్సులో గంట పోను, గంట రాను. ఆ రెండు గంటలు నన్నెవరూ పలకరించరు. పుస్తకం ఒడిలో పెట్టుకుని ఎంతైనా చదవచ్చు. డిగ్రీ అయితే ఎమ్మెస్సీకి పోవచ్చు, ఇంకా రెండేళ్ళు చదవచ్చు. ఈ సంగతి నేను డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక్క కాడ సరిగ్గా కోయలేకపోతే అదంతా అక్కడితో ఆగిపోతుంది.

ఇంట్లో సాధన చేద్దామంటే కత్తులు ల్యాబు దాటి బయటికి రావు. బ్లేడుతో కోస్తే ఒక మోస్తరుగా వచ్చేది. అదే మరీ అయోమయంగా ఉండేది. బ్లేడుతో వచ్చేది కత్తితో ఎందుకు రాదు?

నాకు తోచిన కారణం ఒకటే. నా చేతులు. నేను అన్నం తినేది, రాసేది కుడిచేత్తో. సూదిలో దారం ఎక్కించేది ఎడమచేత్తో. ముగ్గు కుడిచేత్తో మొదలుపెట్టి ఎప్పుడు మార్చుకుంటానో తెలియకుండా ఎడమచేత్తో ముగిస్తాను. పువ్వులు కట్టేటప్పుడు అమ్మ నన్ను చూసి, “నువ్వు కట్టేది చూస్తే నాకు తల తిరగతాది” అంటుంది. ఇదంతా ఎందుకో నాకు తెలుసనే అనుకునేదాన్ని. చిన్నప్పుడు చింతామణిలో అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, దగ్గర పెరిగాను. నేను ఎడమచేత్తో తింటున్నానని అవ్వ ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేది. ఎర్రంచు ఉన్న తెల్లగుడ్డ. కంచంలో మజ్జిగన్నం. గుడ్డ లోపల వేళ్ళు ఉక్కపోసేవి. ఇది నా డైరీలో కూడా రాసి ఉంది. నా అసలు చెయ్యిని అవ్వ కట్టేసింది, ఇప్పుడు కుడిచేతికి పనితనం లేదు, ఎడమచేతికి అలవాటు లేదు. ఇదీ నా లెక్క. ఏదైనా చేజారి పడిపోయినప్పుడల్లా మనసులో అవ్వను కొంచెం తిట్టుకునేదాన్ని.

ఆ ఏడు ఆయుధపూజకు ల్యాబులో కుంకుమ, పసుపు నేనే తీసుకువెళ్ళాను. ఏటా అది నా పనే.

అటెండరప్ప మైక్రోస్కోపులన్నీ తుడిచి వరసగా పెట్టాడు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి ఆరు కత్తులనూ తెరిచి దాని మీద పేర్చాడు. తర్వాత నా పొట్లం విప్పి వాసన చూశాడు.

“మీ అంగడిదేనామ్మా?”

“ఊఁ అప్పా.”

“మంచిదేనా, ఇటికపొడి ఏమన్నా కలిపినారా? పోయిన ఏడు పెట్టింది వారమైనా పోలేదు.”

“నువ్వు నీళ్ళు ఎక్కువ కలిపింటావు.”

“అబ్బో, ఈయమ్మకు మాటలొస్తాండాయే” అని అందరికీ వినబడేలా అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. ముఖం దాచుకోవడానికి కత్తుల మీదికి వంగాను. అప్పుడు చూశాను వాటి మీది మచ్చల్ని.

తడి కుంకుమ ఇనుమును తింటుంది. మా అంగట్లో రేకు డబ్బా మూతలన్నీ అట్లా మచ్చలు పడ్డవే. కత్తుల మీద కూడా ఏటా పూజకు పెట్టిన బొట్టు, దసరా సెలవులన్నీ అట్లాగే ఉండిపోయి, సన్నటి గోధుమరంగు మచ్చ చేసింది. నూరేవాడు పదును పక్కన నూరుతాడు గానీ ఆ మచ్చ దాకా పోడు. ఒకటో కత్తి మీద మచ్చ గుంటలో ఉంది. రెండోదానికీ గుంటలోనే. ఐదింటికీ అంతే. ఆరోదానికి మాత్రం చదునుపక్కన ఉంది.

“అప్పా, దీనికి మచ్చ ఈ పక్క ఉండాదేమి?”

“యా పక్క?”

“వాటికన్నిటికీ గుంటలో ఉండాది. దీనికి చదునులో.”

“మొండిది కదమ్మా. దానికి యాడైనా ఉంటాది.”

“ఏటా నువ్వే పెడతావు కదా. ఒకే తట్టు పెడతావా?”

ఆయనకు ఆ ప్రశ్న నచ్చలేదు. కుంకుమ తడిపి కత్తులకు వరసగా బొట్లు పెడుతూ అన్నాడు. “పిడి కుడిపక్క, పదును నా పక్క. నేను చేరినప్పట్నుంచీ ఇట్లనే. పనిముట్టును ఎట్ల పట్టుకొని పని చేస్తామో అట్లనే పెట్టి మొక్కాల. ఇష్టమొచ్చినట్ల పెట్టేదానికి ఇవేమన్నా చెంచాలా?”

ఆరు కత్తులూ ఒకేలా పెట్టి ఉన్నాయి. పిడి కుడివైపు, పదును మావైపు. ఐదింటికి గుంట పైకి ఉంది. ఆరోది చదునుపక్క పైకి పెట్టుకుని పడుకుంది. అంటే నేను ఇన్నాళ్ళూ కుడిచేత్తో పట్టుకున్నప్పుడు గుంట క్యారెట్ మీదికి, చదును ఆకాశానికి. నీళ్ళు అందుకే నిలవలేదు. మరి గుంట పైకి రావాలంటే? నా ఎడమచెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

“ముట్టొద్దు!” అటెండరప్ప గట్టిగా అరిచాడు. “బొట్టు పెట్టినాక ఈ పొద్దంతా ముట్టకూడదు. తెలీదామ్మా నీకు, అంగడి పెట్టుకోనుండారు.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గాలిలోనే ఒకసారి తిప్పి చూశాను. పిడి ఎడమవైపు, పదును నా వైపు. అప్పుడు గుంట పైకి వస్తుంది. ఎడమచేతి కత్తి.

“దీన్ని ఎవరు కొనుక్కొచ్చినారప్పా?”

“నేను వచ్చేటప్పటికే పెట్టెలో ఉండాది.”

మంగళహారతి ఇచ్చారు, బొరుగులు పంచారు, ల్యాబుకు తాళం వేశారు. కాలేజీ మళ్ళీ తెరిచేది సెలవులయ్యాకే. కత్తి తాళం లోపల ఉండిపోయింది, నేను బయట ఉన్నాను. అది ఒక ఎడమచేతివాటం మనిషి కోసం కొన్నదా, లేక అమ్మినవాడు పొరపాటున పంపితే వెనక్కి పంపడానికి బద్ధకించి ఉంచేసుకున్నారా? ఆ రెండిట్లో ఏదైనా, దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఫెయిలైంది నేను. నా చెయ్యిని అవ్వ కట్టేయకపోయి ఉంటే మొదటి రోజే నేను దాన్ని ఎడమచేత్తో తీసుకునేదాన్ని కదా! బస్సులో పుస్తకం తెరవలేదు. అవ్వను అడగాలని నిశ్చయించుకున్నాను.

పండగ మరునాడు చింతామణికి వెళ్ళాను. అవ్వ పంచలో కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని వలవడం మొదలుపెట్టాను. రెండు చేతులతోనూ వలుస్తున్నాను. ఏ చెయ్యి నొక్కుతోందో చూసుకుంటే రెండూ ఆగిపోతున్నాయి.

“ఏమ్మా, ఒక్కొక్క కాయనూ అట్ల దీక్షగా చూస్తాండావు? పురుగుండాదా?”

“అవ్వా, నా చేతికి గుడ్డ కట్టినావు కదా. ఎన్నేండ్లప్పుడు?”

“యా గుడ్డ?”

“ఎడంచేత్తో తింటానని. ఎర్రంచు గుడ్డ.”

అవ్వ వలవడం ఆపింది. “నీకు కట్టలేదమ్మా నేను. మీ నాయనకు కట్టినా.”

“నాకు బాగా గుర్తుండాదవ్వా. మజ్జిగన్నం పెట్టినావు.”

“మజ్జిగన్నమే. మీ తాత పంచె చింపి కట్టినా, ఎర్రంచే. వాడు పండ్లతో కొరికి విప్పుకునేవాడు. మళ్ళ కట్టేదాన్ని. నువ్వు అప్పటికి యాడుండావు? మీ అమ్మే మా ఇంటికి రాలేదు!” అవ్వకు నవ్వాగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “వాడు చెప్పింటాడు నీకు. ఈడికొచ్చి నీకు అన్నం తినిపిచ్చేటప్పుడంతా అదే కత కదా వానికి.”

“మరి నాది ఏ చెయ్యవ్వా? చిన్నప్పుడు?”

అవ్వ నా చేతుల వైపు చూసింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. “నువ్వు ఎప్పుడన్నా నోరు తెరిచి ఇది కావల్ల అని అడిగినావా తల్లీ? చేతిలో పెడితే తినేదానివి. యా చేతిలో పెడితే ఆ చేత్తో.”

ఆ రాత్రి డైరీ తెరిచాను గానీ ఏమీ రాయలేదు. గుడ్డ లోపల వేళ్ళ ఉక్క నాకు ఇప్పటికీ తెలుస్తోంది. అది నాది కాదు. నాయన వేళ్ళది. మరి నా వేళ్ళకు ఏం జరిగింది? ఏమీ జరగలేదా? ఇన్నాళ్ళూ అవ్వను తిట్టుకున్నది ఎవరి తరఫున?

బాగేపల్లికి వచ్చాక అంగట్లో నాయన్ను చూశాను. చూడటమంటే కొత్తగా చూడటం. కాగితం మడతపెట్టేది కుడిచెయ్యి. పైన వేలాడే ఉండ నుంచి దారం లాగి, పొట్లం చుట్టూ తిప్పి, పుటుక్కున తెంపేది ఎడమచెయ్యి. ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందు జరుగుతున్న పని. నేను చూడనేలేదు.

“నాయనా, అవ్వ నీ చేతికి గుడ్డ కట్టిందంట కదా.”

“ముసలామెకు వేరే పని లేదు” అన్నాడు. ఇంకో పొట్లం కట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే, “విప్పినాక తిమ్మిరెక్కి ఉండేది. అన్నం మాత్రం కుడిచేత్తో తినేది నేర్చుకున్నాలే. పోనీ, ఆమె చేసింది మంచికే” అన్నాడు.

“నాకు ఎప్పుడన్నా కట్టినారా, మీరెవరన్నా?”

“నీకా? నీకెందుకు కడతామమ్మా!” ఆయన ముఖంలో ఎంత ఆశ్చర్యం కనబడిందంటే, ఇక నేను అడగలేకపోయాను.

సెలవులయ్యాక ల్యాబులో ఎవరూ లేని సమయం చూసుకుని ఆరో కత్తిని ఎడమచేత్తో తీసుకున్నాను. కుడిచేత్తో క్యారెట్ పట్టుకున్నాను. కత్తి మీద నీళ్ళు పోశాను. నీళ్ళు నిలిచాయి. అంతకుముందు ఆ కత్తి మీద నీళ్ళు నిలవడం నేనెప్పుడూ చూడలేదు. అలుగు క్యారెట్ మీద చదునుగా ఆనింది, ఎక్కడా పైకి లేవలేదు, కిందికి దిగలేదు. నాలుగైదు ముక్కలు పోయాక ఒక పొర ఉన్నట్టే తెలియకుండా నీళ్ళలోకి జారింది. కుంచెతో తడిమితే తప్ప కనబడలేదు. రంగు వేసి మైక్రోస్కోపులో పెట్టాను. ఒక్కొక్క గడీ విడివిడిగా, అన్ని అంచులూ ఒకే మందంలో.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నాకు ఇంకో అనుమానం వచ్చింది. పెట్టెలోంచి రెండో కత్తి తీసి కుడిచేత్తో కోశాను. అది కూడా వచ్చింది! అంత పల్చగా కాదు గానీ, పాసయ్యేంత పల్చగా వచ్చింది. అంటే నా కుడిచేతిలోనూ తప్పేమీ లేదు. కుడిచేతికి ఎడమచేతి కత్తి ఇచ్చి, చేతిని తప్పుపట్టుకున్నాను, అంతే. మరి నాది ఏ చెయ్యి? ఒకరోజు ఆరోదాంతో ఎడమచేత్తో బాగా వచ్చేది, ఇంకోరోజు రెండోదాంతో కుడిచేత్తో బాగా వచ్చేది. డైరీలో గీతలు పెట్టి చూశాను. గీతలు ఏమీ తేల్చలేదు.

అటెండరప్ప ఒకరోజు చూడనే చూశాడు. “ఎడంచేత్తో కోస్తాండావా? బొట్టు పెట్టిన కత్తమ్మా అది.”

“కుడిచేత్తో అది తెగదప్పా.”

“తెగకపోతే మానాల గానీ...” అని ఆగి, నా గిన్నెలోకి చూశాడు. ఏమీ కనబడలేదు ఆయనకు. అంత పల్చగా ఉంది. “ఏమీ లేదే దీంట్లో” అన్నాడు. కుంచెతో ఎత్తి చూపించాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు నాకోసం పెట్టె తెరిచి ఉంచేవాడు, కానీ నేను కోస్తుంటే అటువైపు తిరిగి నిలబడేవాడు. మేడమ్‌కు నేను చెప్పలేదు. ఎట్లా మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

ఈ తూరి కింది తరగతివాళ్ళు ఐదుగురితో పాటు నాకూ పరీక్ష. ఆ రోజు బయటినుంచి ఒక సార్ వచ్చారు. కన్నడం మాత్రమే మాట్లాడే మనిషి, నెరిసిన మీసం, మెడలో వేలాడే కళ్ళజోడు. పెట్టె తెరిచారు. నేను ఎప్పట్లాగే కిటికీ పక్కన నిలబడ్డాను. కావాలని కాదు. కాళ్ళు అక్కడే ఆగాయి. పెట్టెలో ఆరోది మిగిలింది.

అటెండరప్ప నా దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు. “ఉండమ్మా, వేరేది అడిగి ఇప్పిస్తా. ఆ సార్ ముందర ఎడంచేత్తో...”

“వద్దప్పా.”

వద్దని ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఒకరి చేతిలోది అడిగి తీసుకోవడం కంటే మిగిలినదాంతో పని చేయడం నాకు సులువు. ధైర్యం కాదది.

సార్ అటు చివర బల్ల దగ్గర ఉన్నప్పుడు గబగబా కోశాను. ఆరో పొరో ఏడో పొరో బాగా పడింది. రంగు వేసి, స్లైడు చేసి, కత్తి మడిచి పక్కన పెట్టి నిలబడ్డాను.

సార్ వచ్చి మైక్రోస్కోపులో చూశారు. ఇంకోసారి చూశారు. తల ఎత్తి కత్తిని చూశారు. ఆయనకు ఆ కత్తులంటే ముచ్చట అనుకుంటాను. దాన్ని తెరిచి వేలితో అలుగు తడిమి, నా క్యారెట్ తీసుకుని తానే ఒకటి కోశారు. చెక్కముక్కలా వచ్చింది. ఇంకోటి కోశారు. అదీ అంతే. నీళ్ళు ఆయన చొక్కా చేతిలోకి కారాయి. మూడోది కోసి, మూడింటినీ నా గిన్నెలో వేసి, నా వైపు తిరిగారు.

“ఇదన్న నీనే కొయ్దిద్దా?”

ఇది నువ్వే కోశావా అని. నేను తల ఊపాను.

“ఈ కత్తీలా?” ఆయన గొంతు పెరిగింది. ఈ కత్తితో ఇంత పల్చటి పొర రాదని, ఇంట్లో బ్లేడుతో కోసి సీసాలో పెట్టుకుని తెచ్చానేమోనని, అట్లా చేసేవాళ్ళను తాను చాలామందిని చూశానని అన్నారు. మిగతా ఐదుగురూ కోయడం ఆపేశారు. మేడమ్ లేచి వచ్చారు. “లేదు సార్, ఈ అమ్మాయి చాలా సాధన చేసింది” అన్నారు కన్నడంలో. కానీ ఆవిడ కళ్ళు కూడా నా గిన్నెలోని చెక్కముక్కల మీదే ఉన్నాయి. ఆవిడకు తెలియదు కదా. నేను చెప్పలేదు కదా.

చెప్పాల్సిన మాటలన్నీ నాకు తెలుసు. గుంట, చదును, కుంకుమ మచ్చ, పిడి ఏ పక్క ఉండాలో. కన్నడంలోనూ తెలుసు. ఒక్కటీ నోటిదాకా రాలేదు. అంగట్లో నాయన పక్కన వేసిన ముక్కాలిపీట కళ్ళ ముందు కనబడింది. పైన దారం ఉండ.

నేను చెయ్యి చాపి సార్ చేతిలోంచి కత్తి తీసుకున్నాను. ఎడమచేత్తో. పెద్దవాళ్ళ చేతిలోంచి ఎడమచేత్తో ఏదీ తీసుకోకూడదని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. ఆయన ఉలిక్కిపడి వదిలేశారు. క్యారెట్‌ను కుడిచేతిలో నిలబెట్టాను. కత్తి మీద నీళ్ళు పోశాను. నిలిచాయి. సార్ కళ్ళజోడు పెట్టుకుని వంగారు.

మొదటిది మందంగా వచ్చింది. రెండోది చిరిగింది. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడుకు మూడోది పోయింది. నాలుగోది, ఐదోది ఎట్లా కోశానో గుర్తులేదు. ఆ తర్వాతది నీళ్ళలోకి జారింది. కనబడలేదు. సార్ తానే కుంచె తీసుకుని నీళ్ళలో వెతికి, ఎత్తి, వెలుతురుకు పట్టుకున్నారు. అటెండరప్ప తలుపు దగ్గర నిలబడి, మొదటిసారి అటువైపు తిరగకుండా ఇటే చూస్తున్నాడు.

సార్ ఆ పొరను దించి నా గిన్నెలో వేశారు. నా చేతిలోని కత్తిని తాకకుండానే తల అటూ ఇటూ వంచి చూశారు. ఆయనకు అర్థమవుతున్నట్టు కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

“నీను ఎడచీనా?” అన్నారు. గొంతు తగ్గింది. నువ్వు ఎడమచేతివాటం మనిషివా అని.

ఆ ప్రశ్న కోసం నేను చింతామణి దాకా పోయి వచ్చాను. అవ్వను, నాయనను, డైరీని, ఆరు కత్తులను అడిగాను.

“గొత్తిల్ల సార్” అన్నాను. తెలియదు సార్. ఆ రోజంతటిలో నేను ఆయనతో మాట్లాడింది అదొక్కటే. నా వెనక ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు.

పాసయ్యాను. ఆ సంగతి తర్వాత తెలిసింది. నాయన అంగట్లో కలకండ పంచాడు, కాడ కోసేది వచ్చిందని అందరికీ చెప్పాడు. ఎమ్మెస్సీ మాట కూడా ఆ తర్వాతే ఎత్తగలిగాను. కానీ ఆ పూట నాకేమీ తెలియదు. సార్ మార్కుల కాగితం మీద ఏదో రాసి, నా పేరు ఎదురుగా వేలు పెట్టి చూపించి, సంతకం చేయమని పెన్ను చాపారు. నా ఎడమచేతిలో తడికత్తి ఉంది. కుడిచేతిలో క్యారెట్ ఉంది. ముందు ఏ చెయ్యి ఖాళీ చేసుకోవాలో తెలియక, ఆయన పెన్ను అట్లాగే చాపి ఉండగా, నేను రెండింటినీ పట్టుకుని నిలబడ్డాను.